గెట్ మాస్టారు

అవనిగడ్డలో జకరయ్య మాస్టారిని ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన గెట్ మాస్టారే. ఇంగ్లీషులో బతకడానికి గెట్ అనే ఒక్క క్రియ చాలునని ఆయన సిద్ధాంతం. మనం దొరికింది, వచ్చింది, సంపాదించాను, తెచ్చుకున్నాను, లేచాను, తడిశాను అని నానా తంటాలూ పడే చోట తెల్లవాడు గెట్‌తో పని కానిచ్చేస్తాడని చెప్పి పిల్లల్ని నవ్వించేవాడు. పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. అది కాదనను.

ఆయన పుట్టింది మొవ్వ దగ్గర ఒక పల్లెలో. తండ్రి ఒక రైతు దగ్గర పాలేరు. పంట కళ్ళాల్లో గడ్డి పరుచుకుని పడుకున్న కుటుంబం. చిన్నాన్న అప్పయ్య అలా పడుకునే పోయాడు. నిద్రలో చీమ కుట్టినట్టు అనిపించిందని, తెల్లారేసరికి కడుపు మెలిపెడుతోందని అన్నాడు. మధ్యాహ్నానికి రెప్పలు వాలిపోయాయి. "కట్లపాము కరిస్తే తెలీదురా. కడుపునొప్పే దాని ఆనవాలు" అని తండ్రి ఏడుస్తూ చెప్పిన మాట జకరయ్యకి పసితనంలోనే బుర్రలో నాటుకుంది. తర్వాత మిషన్ హాస్టల్లో చేరి, చదివి, పంతులయ్యాడు.

తొంభైల చివర్లో రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్న నాగేంద్రబాబు అవనిగడ్డలో ఇంగ్లీషు మీడియం బడి పెట్టి, దానికి తనే కరస్పాండెంట్ అయ్యాడు. జకరయ్య అందులో చేరి ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. తెలుగు మాట్లాడిన పిల్ల మెడలో చెక్క బోర్డు వేస్తారు. 'ఐ యామ్ ఎ డాంకీ, ఐ స్పోక్ తెలుగు' అని దాని మీద ఎర్ర పెయింటు. దాన్ని వదిలించుకోవాలంటే ఒకటే దారి. ఇంకో పిల్ల తెలుగు మాట్లాడుతుంటే పట్టివ్వాలి. దాంతో బోర్డు ఉన్న పిల్ల వేటకుక్కలా చెవులు రిక్కించుకుని తిరిగేది. పసిపిల్లల చేత పసిపిల్లల్ని వేటాడించడం గొప్ప ఉపాయమని ఆయన నిజంగా నమ్మాడు. తల్లిదండ్రులూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరా మరి, బోర్డు మోసేది వాళ్ళు కాదుగా!

ఒక ఏడు వానాకాలంలో హెడ్మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. జకరయ్య జీవితమంతా ఆ కుర్చీ కోసమే కాచుక్కూర్చున్నాడు. నాగేంద్రబాబు ఆయన్ని పిలిచి, "రేపు పేరెంట్స్‌ని మీ క్లాసులో కూర్చోబెడతాను మాస్టారూ. వాళ్ళకి నచ్చితే కుర్చీ మీదే. కానీ ఆ గెట్ గెట్ ఏంటండీ, కోడిపెట్ట అరిచినట్టు? ఫీజు కట్టేవాళ్ళకి పెద్ద మాటలు వినపడాలి. అబ్టెయిన్, రిసీవ్, ఎక్వైర్. అలా లాగించండి" అన్నాడు.

"అలాగేనండీ" అన్నాడు జకరయ్య. పాతికేళ్ళ సిద్ధాంతం ఒక్క "అండీ"తో గోదాట్లో కలిసింది.

మర్నాడు అయిదో తరగతి గది ముస్తాబైంది. వెనక వరుసలో తల్లిదండ్రులు, వాళ్ళ మధ్య నాగేంద్రబాబు. పిల్ల గెట్‌తో ఒక వాక్యం చెప్పాలి, వెంటనే గెట్ తీసేసి పెద్ద మాట పెట్టాలి. ముందురోజంతా తోమిన పిల్లలు గనక గడగడా అప్పజెప్పారు. "ఐ గాట్ ఎ ప్రైజ్ సర్. ఐ రిసీవ్డ్ ఎ ప్రైజ్ సర్." వెనక చప్పట్లు మోగాయి.

అప్పుడు గాయత్రి లేచింది. పాలకాయతిప్పలో చేపలమ్ముకునే గంగాదేవి కూతురు, హాస్టల్ పిల్ల. హాస్టల్లో మంచాలు చాలక నేల మీద చాప వేసుకుని పడుకునేది. క్లాసులో నోరు విప్పిన పాపాన పోలేదు. ఆ పిల్ల ఎవరూ అడక్కుండానే లేచి, పొట్ట పట్టుకుని, "సర్, ఐ గాట్ స్టమక్ పెయిన్" అంది.

జకరయ్య మొహం వెలిగిపోయింది. మూగపిల్ల చేత కూడా పలికించాడన్నమాట! "వెరీ గుడ్! ఇప్పుడు గెట్ తీసేసి చెప్పు" అన్నాడు ఇంగ్లీషులో.

పిల్ల బిత్తరపోయి చూసింది. "ఐ గాట్... స్టమక్ పెయిన్ సర్."

క్లాసు గొల్లుమంది. తల్లిదండ్రులూ నవ్వారు. గాయత్రి కూర్చుని, పక్కనున్న లీలావతి చెవిలో ఏదో చెప్పింది. ఆ పూట బోర్డు లీలావతి మెడలో ఉంది. అది చటుక్కున లేచి, "సర్, తెలుగు సర్!" అని అరిచింది.

గాయత్రి తెలుగులో ఏమందో జకరయ్య అడగలేదు. అడిగే అలవాటు ఆయనకి లేదు. బోర్డు తీసి గాయత్రి మెడలో వేశాడు. "అబ్బో, డిసిప్లిన్!" అంది వెనక నుంచి ఒకావిడ. కాసేపటికి గాయత్రి రెప్పలు వాలసాగాయి. "డోంట్ గెట్ స్లీపీ!" అని జకరయ్య కసిరాడు. వెనక నుంచి నాగేంద్రబాబు దగ్గాడు. జకరయ్య నాలిక్కరుచుకుని, "డోంట్ బికమ్ స్లీపీ" అని దిద్దుకున్నాడు.

గంట కొట్టారు. పెద్దవాళ్ళు టీలకు వెళ్ళారు. గాయత్రి లేవలేదు. జకరయ్య వెళ్ళి గడ్డం పట్టుకుని ఎత్తితే ఆ పిల్ల కళ్ళు తెరవడానికి నుదురంతా ముడతలు పెడుతోంది. నోట్లోంచి మాట రాలేదు, చొంగ కారింది. లీలావతి భయపడి భోరుమంది.

"తెల్లారగట్ల నిద్దట్లో చీమలాంటిది ఏదో కుట్టిందంట సార్. అప్పట్నుంచీ కడుపునొప్పంట. సారుకి ఎలా చెప్పాలే అనడిగింది సార్ నన్ను."

తెలుగులో వినపడేసరికి జకరయ్యకి చిన్ననాటి పంట కళ్ళమూ, అప్పయ్య చిన్నాన్న మొహమూ కళ్ళకు కట్టాయి. "కట్లపాము! ఓరి దేవుడో, కట్లపాము!" అని కేకలు పెట్టాడు. నాగేంద్రబాబు జీపులో బందరు ఆస్పత్రికి తీసుకెళ్తూ, వీపు వైపు తిరిగిపోయిన బోర్డు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చల్లపల్లి దాటకముందే పిల్ల ఊపిరి ఆగిపోయింది. పొద్దున్నే ఆ మాట వినుంటే బతికేదేమో.

పాము కాటుకి బడి ఏం చేస్తుందని ఊరంతా సరిపెట్టుకుంది. సోమవారం నాగేంద్రబాబు జకరయ్యని హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోబెట్టి, "జరిగిందేదో జరిగింది. ఆ బోర్డు కనపడ్డం లేదట, కొత్తది చేయించండి" అన్నాడు. జకరయ్య వడ్రంగికి కబురు పెట్టాడు. ఆయనకి సిగ్గు లేదనుకోకండి. ఉంది, కుర్చీ అంతకంటే మెత్తగా ఉంది.

పెద్దకర్మ రోజున బడి తరపున పాలకాయతిప్ప వెళ్ళక తప్పలేదు. పాకలో గోడకి గాయత్రి ఫోటో, దండ. ఫోటో కింద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టిన చెక్క బోర్డు. జకరయ్య కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

గంగాదేవి ఎదురొచ్చి దణ్ణం పెట్టింది. "ఆస్పత్రిలో ఇచ్చారండీ, పిల్ల మెళ్ళో ఉందని. ఏదో బౌమానం వచ్చినట్టుందని మా వోళ్ళన్నారండీ. మాకు ఇంగిలీసు రాదు గదా. పెద్దోళ్ళంతా కూసున్నారు, ఏం రాసిందో ఓపాలి సదివి సెప్పండి మాస్టారూ."

పాక నిండా జనం ఆయన నోటి వంక చూస్తున్నారు. జకరయ్య బోర్డు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, చదువుతున్నట్టు ఒక్కో మాట మీదా వేలు పెట్టాడు.

"బడి మొత్తానికీ బాగా మాట్లాడే పిల్ల, అని రాసుందమ్మా."

గంగాదేవి ఆ బోర్డుని గుండెలకు హత్తుకుని, "ఇన్నారా, నా తల్లికి ఎంత బౌమానం వచ్చిందో!" అంటూ వచ్చినవాళ్ళందరికీ ఒక్కొక్కరికే చూపించడం మొదలుపెట్టింది.