బెంటన్‌విల్ ట్రైలర్‌లో అన్న పరుపు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఎప్పుడు పొడిగిస్తారో, ఎప్పుడు ఆపేస్తారో తెలియదు కాబట్టి మాలో చాలామందిమి ఏడాది లీజుకు ఇల్లు తీసుకునేవాళ్లం కాదు. ఒక శీతాకాలం నేను మా టీమ్‌లోని ఒక పెద్దాయన ట్రైలర్‌లో ఉన్నాను. ఆయనది కరీంనగర్ వైపు. అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. భార్య, కూతురు ఐదారు గంటల దూరంలో ఉన్న ఫ్రిస్కోలో ఉండేవారు. శుక్రవారం మధ్యాహ్నం కార్లో బయల్దేరి, ఆదివారం చీకటి పడేలోపు తిరిగి వచ్చేవాడు.

ట్రైలర్ చాలా చిన్నది, కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. వెనక గోడకు అడ్డంగా అన్న మంచం. ముందువైపు తినే బల్లను కిందికి దించి, దానిమీద సీట్ల దిండ్లు పరిస్తే నా పడక. ఆయనదాన్ని మంచం అనడం మర్యాదకే. చెక్క పెట్టె మీద ప్లైవుడ్, ప్లైవుడ్ మీద పలుచటి స్పాంజి. కాళ్లు చాపితే గోడకు తగిలేవి.

దసరా వెళ్లాక అన్నకు నడుం నొప్పి మొదలైంది.

"పరుపు సక్కగ లేదు తమ్మీ, గంతే" అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. ఆఫీసు అయ్యాక ఇద్దరం వెళ్లి మెమరీ ఫోమ్ పరుపు తెచ్చాం. మంచం ఒక మూల గుండ్రంగా ఉండేది. బ్రెడ్ కోసే కత్తితో ఫోమ్‌ను ఆ వంపుకు సరిగ్గా కోసి అమర్చాను. కొన్నాళ్లు బాగానే ఉందన్నాడు. చలి ముదిరాక ఆ ఫోమ్ చెక్కలా బిగుసుకుపోతోందన్నాడు. ఒంటి వేడికి అది మెత్తబడేసరికి తెల్లవారిపోతోందట.

ఒక ఉదయం పరుపు ఎత్తి చూస్తే కింద అంతా తడి. మా ఊపిరి ఆవిరి చల్లటి ప్లైవుడ్ మీద నీరై, నల్లగా బూజు పట్టింది.

"ఇగో, దీనితోనే. చెమ్మకు నడుం పట్టేసింది" అన్నాడు అన్న. కారణం దొరికినందుకు ఆయన మొహంలో సంతోషం లాంటిది కనిపించింది.

వెనిగర్‌తో తుడిచి ఆరబెట్టాం. గాలి ఆడేలా సన్నటి చెక్కబద్దలు వరసగా బిగించి, వాటిమీద పరుపు వేశాం. ట్రైలర్ తలవైపు వాలి ఉందేమోనని చక్రాల కింద దిమ్మలు కూడా పెట్టాం. నొప్పి తగ్గలేదు. చొక్కాలు ఆయన మీద వేలాడసాగాయి. ఆఫీసులో కుర్చీలో కూర్చోలేక మీటింగులన్నీ గోడకు ఆనుకుని నిలబడే వినేవాడు. డాక్టర్‌కి చూపించుకోమంటే, "ఎక్స్‌టెన్షన్ కానియ్యి, ఫ్రిస్కోల చూపించుకుంట" అనేవాడు.

జనవరిలో, పడకలు మార్చుకుందామని నేనే అన్నాను. నా దిండ్లు కొంచెం గట్టివి, వాటిమీద ఆయన నడుం నిలుస్తుందేమోనని నా ఆశ. ఆయన పరుపు మీద నడుం వాల్చడం ఒక్కటే నాకు గుర్తుంది. కళ్లు తెరిచేసరికి కిటికీ నిండా వెలుగు. ఒళ్లు ఎక్కడా పట్టేయలేదు. ఆ ట్రైలర్‌లోకి వచ్చాక నేను అంత హాయిగా నిద్రపోయింది లేదు.

అన్న అప్పటికే లేచి, పొయ్యి పక్క గట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్ల పట్టింది నిద్ర?" అని అడిగాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"బాగానే పట్టిందన్నా."

"నడుం?"

"ఏం లేదు."

ఆయన టీ గిన్నె కింద మంట తగ్గించాడు. "అయితే పరుపు మంచిగనే చేసినం" అన్నాడు. గిన్నె మీద మూత పెట్టి, "కాళ్లు గూడ మొద్దుబారుతున్నయ్ తమ్మీ. ఇయ్యాల ఆఫీస్‌కి రాను. హాస్పిటల్ దాక డ్రైవ్ చేస్తవా?"

స్కాన్‌లో వెన్నుపూస ఒకటి నలిగిపోయి కనిపించింది. ఎముక మజ్జలో క్యాన్సర్. డాక్టర్ చెబుతున్నంతసేపూ అన్న ఆఫీసు కాల్ విన్నంత శ్రద్ధగా విన్నాడు. కార్లో ఫ్రిస్కో వెళ్లొచ్చా అని ఒక్కటే అడిగాడు. కదలకూడదన్నారు. సాయంత్రానికి వాళ్లావిడే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది.

తర్వాత ఫ్రిస్కో దగ్గర్లోనే వైద్యం జరిగింది. మందులు మొదట్లో పనిచేశాయి, తర్వాత పనిచేయలేదు. వేసవి చివర్లో ఇన్ఫెక్షన్ వచ్చి అన్న పోయాడు. నేను నా కాంట్రాక్టు అయ్యేదాకా ఆ ట్రైలర్‌లోనే ఉన్నాను. ఖాళీగా ఉన్నా ఆయన పరుపు మీద మళ్లీ పడుకోలేకపోయాను.

బెంటన్‌విల్ వదిలేటప్పుడు ఆయన సామాను తీసుకుని ఫ్రిస్కో వెళ్లాను. స్వెటర్లు, బూట్లు, ఒక ప్రెషర్ కుక్కర్. వదిన గరాజ్‌లోనే వాటిని ఒక్కొక్కటీ అందుకుంది.

"అక్కడ ఆయనకు నిద్ర పట్టేదా?" అని అడిగింది.

"పట్టేది కాదు వదినా. పరుపు ఎన్ని రకాలుగా మార్చినా పట్టలేదు."

ఆమె కుక్కర్ మూత తీసి, మళ్లీ పెట్టింది.

"నాతోటి ఫోన్ల మంచిగ పండుకుంటున్న అనే చెప్తుండె. ఇంటికొస్తె మాత్రం తెల్లారెదాక టీవీ ముంగట కూసుంటుండె. ట్రైలర్ అలవాటైంది గావచ్చు, మన బెడ్ మెత్తగ అనిపిస్తుంది గావచ్చు అనుకున్న. ఇంకో బెడ్ కొందమని షాపులన్నీ తిరిగిన."

ఆమె కుక్కర్ పట్టుకుని లోపలికి వెళ్లి, చేతులు కడుక్కో అని చెప్పి నాకు అన్నం పెట్టింది.