మస్తాన్ రాసిన చివరి వరుస

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు అప్పుడూ ఒళ్లుమంటే, ఇప్పుడూ ఒళ్లుమంటే. పనీపాటా లేనివాళ్ల కాలక్షేపం అది. దుబాయ్‌లో డేరా అనే పేటలో మేం ఎనిమిదిమందిమి ఉండే గదిలో ఎవడైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి బయటికి పోయేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాయవలసి రావడం నాకే సిగ్గుగా ఉంది.

ఎనభైల నడిమి సంగతి. డేరాలోనే ఒక బిల్డింగు సామాను కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. బీరువా అంత యునిక్స్ కంప్యూటరు, పక్కనే అది చెప్పేదంతా కాగితం మీద అచ్చువేసే ప్రింటరు, గుమాస్తాల బల్లల మీద ఆరు టెర్మినళ్లు, అంటే తెరా మీటలూ. స్విచ్చి వేస్తే తిరిగి, తీస్తే ఆగడానికి అది ఫ్యాను కాదు. లేచేటప్పుడు ఒక స్క్రిప్టు నడుస్తుంది, అంటే వరుసగా చేయవలసిన పనుల జాబితా. డిస్కులు చూసుకుని, టెర్మినళ్లను ఒక్కొక్కటే లేపుతుంది. ఆపడానికి ఇంకో స్క్రిప్టు. అందరినీ హెచ్చరించి, నడుస్తున్న పనులు ఆపి, ఇంకా రాయకుండా మిగిలినదంతా డిస్కు మీదికి చేర్చి, అప్పుడు ఇక కరెంటు తీయవచ్చంటుంది. ఈలోపే తీస్తే ఫైళ్లు పాడవుతాయి.

మా ముదీర్, అంటే మేనేజరు, పరమ పిసినారి. ఒంటిగంటకు ఆఫీసు మూసి మళ్లీ నాలుగింటికి తెరిచేవాళ్లం. ఆ మధ్యలో ఏసీ దండగని అంతస్తు మొత్తానికీ మెయిన్ స్విచ్చి తీయించేవాడు. అందుకని యంత్రాన్ని రోజూ మధ్యాహ్నం ఆపాల్సిందే. స్విచ్చి తీసేది రాజన్న. కరీంనగర్ వైపు మనిషి, యాభై దాటినవాడు. టీ కాచి, గదులు ఊడ్చేవాడు. అక్షరమ్ముక్క రాదు.

నాకు ముందు పనిచేసిన నెల్లూరు మస్తాన్ నేను కూర్చునే కుర్చీలోనే గుండె ఆగి పోయాడట. ఆయన ఆపే స్క్రిప్టు చివర సొంతంగా ఒక వరుస రాసిపెట్టాడు. అంతా సక్రమంగా ఆగాక కాగితం మీద ‘ఖలాస్’ అని అచ్చయి, టింగుమని మూడుసార్లు మోగుతుంది. చదవడం రాని రాజన్నకు అదే గుర్తు.

నాకు నవ్వొచ్చింది. ఇది కంప్యూటరా, సోడా బండా? ఆ వరుస తీసిపారేశాను.

"గడియారం చూసి ఒకటింబావుకి స్విచ్చి తియ్యి రాజన్నా. అప్పటికి నేను ఆపేసి ఉంటాను."

"మస్తాన్ సారు మోగినంకనే తియ్యమన్నడు సారూ."

"మస్తాన్ పోయాడు. ఇప్పుడు నేను చెప్పింది విను."

పదో రోజున బర్ దుబాయ్‌లో స్నేహితుడు బిర్యానీకి పిలిచాడు. ఒంటిగంట కొట్టగానే పరిగెత్తి క్రీక్ దాటించే అబ్రా ఎక్కాను. పడవ నీళ్ల మధ్యకు చేరాక గుర్తొచ్చింది, యంత్రం ఆపలేదని. వెనక్కి వెళ్లినా అందుకోలేను. బిర్యానీ తింటుండగా ఉపాయం తట్టింది.

నాలుగింటికి తిన్నగా ముదీర్ గదికి వెళ్లి, నేను ఆపేలోపే రాజన్న కరెంటు తీశాడని చెప్పాను. ముదీర్ సొరుగులోంచి రాజన్న పాస్‌పోర్టు తీశాడు. ఫైళ్లు పోయి ఉంటే రేపే విమానం ఎక్కిస్తానన్నాడు. వచ్చే నెల రాజన్నకు సెలవు. మూడేళ్లకు ఒకసారి ఇల్లు చూసి మళ్లీ పనికి రావలసినవాడు. అది తెలిసీ నా మాట వెనక్కి తీసుకోలేదు. ఇంత నీచుణ్ణి నేను.

ముగ్గురం యంత్రం గదిలోకి వెళ్లాం. రాజన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒకటింబావు దాటింది సారూ. మోగలేదని చెయ్యి రాలే. గట్లనే నిలవడ్డ. జరసేపటికి మూడుసార్లు మోగింది. గప్పుడే బంద్ చేసిన."

"అబద్ధం," అన్నాను.

యంత్రాన్ని లేపాను. డిస్కులు సక్రమంగానే ఆగాయి, పరీక్ష అక్కర్లేదని అచ్చువేసి అది ముందుకు పోయింది. ఒక్క ఫైలు చెడలేదు. కాగితం వెనక్కి లాగి చూశాను. ఒకటీ ఇరవైకి హెచ్చరిక, ఆ తర్వాత ఒక్కొక్క పనీ ఆగిన వరుస, చివర ‘ఖలాస్’.

స్క్రిప్టు తెరిచాను. మస్తాన్ రాసిన వరుస అందులో లేదు. తనంతట తాను ఆగే ఏర్పాటూ ఎక్కడా లేదు. దాన్ని ఆపడానికి కావలసిన పాస్‌వర్డు నేను చేరిన రోజే మార్చాను, ఎవరికీ చెప్పలేదు. రాజన్నకు తన పేరు రాయడం కూడా రాదు.

ఎవరు ఆపారని ముదీర్ అడిగాడు. నేనే ఆపి మరిచిపోయానన్నాను. "మజ్నూన్," పిచ్చివాడా అని తిట్టి, పాస్‌పోర్టు తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఎందరో ఇంజనీర్లకు చెప్పాను. నవ్వారు. నేనైనా నవ్వేవాణ్ణే. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ కాగితం మాత్రం నా దగ్గరే ఉంది.

ఆ సాయంత్రం రాజన్న ఎప్పటిలాగే టీ తెచ్చి నా ముందు పెట్టాడు. గోడ గడియారం వైపు చూసి అడిగాడు.

"రేపు గడియారం జూడాల్నా సారూ, మోగేదాక ఆగాల్నా?"

తలెత్తలేకపోయాను. అప్పటికే మస్తాన్ వరుసను మళ్లీ రాస్తున్నాను.

"మోగేదాకా ఆగు," అన్నాను.