లెన్సు మీద నల్ల టేపు

కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ పత్రికలకు ఫొటోలు తీసినన్నాళ్లూ నేను ట్రైపాడ్ ముట్టుకోలేదు. అది పెళ్లిళ్ల స్టూడియోవాళ్ల సరంజామా అని మాలో మేము నవ్వుకునేవాళ్లం. లాఠీలు లేచినచోట మూడు కాళ్లు విప్పి నిలబెట్టే తీరిక ఎవరికి? చేతులు వణకడం మొదలయ్యాక కూడా నేను కొన్నది ట్రైపాడ్ కాదు, వణుకును సర్దే స్టెబిలైజర్ ఉన్న లెన్సు. తోపులాటలో వేలు తగిలి స్టెబిలైజర్ ఆగిపోకుండా దాని మీటపై నల్లటి ఇన్సులేషన్ టేపు అంటించాను. మాలో చాలామంది అలాగే చేసేవారు. ఏళ్లు గడిచేసరికి దాని కింద ఒక మీట ఉందన్న సంగతే మరిచాను.

మొన్న వేసవిలో మా షడ్డకుడు, నా భార్య చెల్లెలి భర్త, బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాడు. ముందురోజు ఫోన్ చేశాడు.

"అన్నా, ఒక్క ఫొటో కావాలె. బాయిలకెల్లి ఎక్కంగనే, మొఖం కడగకముందు. మీ మరదలు నన్ను గట్ల ఎన్నడు సూడలే. దినాం తానం చేసే ఇంటికి పోతి."

దీపాలు అప్పగించే ల్యాంప్ రూంలో తీయడానికి అనుమతి దొరికింది. అక్కడంతా మసక. ఫ్లాష్ వేస్తే చెమట మెరిసి బొగ్గు రంగు పోతుంది. అంత మసకలో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, లెన్సు ఎంత సర్దినా నా చేతులు అంతసేపు నిలవవు. తెలిసిన స్టూడియోలో ట్రైపాడ్ అడిగి, గుడ్డసంచిలో చుట్టి తీసుకెళ్లాను.

విప్పగానే, దండలు పట్టుకుని ఉన్న పనివాళ్లలో ఒకడు చూడనే చూశాడు.

"ఏందే పెద్దమనిషి, దిగిపోయేది ఆయనైతే కట్టె వట్టుకున్నది నువ్వా?"

"ఆయనకు కాదు తియ్, కెమెరకు," అన్నాడు పక్కవాడు. "అది గూడ రిటైరయింది."

అందరితోపాటు నేనూ నవ్వాను. తలెత్తకుండా గబగబా కెమెరా బిగించాను.

టోపీ మీది దీపం తీయకుండానే షడ్డకుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కదలొద్దన్నాను. రెప్ప కూడా వేయలేదు. కెమెరా చిన్న తెరమీద ఫొటోలు బాగానే కనిపించాయి. "ఇగ కడుక్కోవచ్చు," అన్నాను. వెళ్లి కడుక్కున్నాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. కనుబొమల మీది ధూళి, పెదాల అంచులు, అన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. వెనక గోడకున్న దీపాలు కూడా అంతే. ఏమైందోనని కెమెరా చేతిలోకి తీసుకుంటే వేలికి టేపు తగిలింది. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజర్ ఆపాలి. నాది పాత లెన్సు, దానంతట అది ఆగదు. అది లేని వణుకును వెతుక్కుంటూ ఊరికే కదిలింది. మనిషి మాత్రం రాయిలా నిలబడ్డాడు.

ఉన్నవాటిలో నయమైనదాన్ని ప్రింటు వేయించి తీసుకెళ్లాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. మరదలు దాన్ని కొంగుతో తుడిచింది. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసింది.

"నా కండ్లే మసకైనట్టున్నయి బావా. మొఖం సక్కగ అవుపడ్తలేదు."

షడ్డకుడు ఫొటో వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఔ, నీ అద్దాలు పాతగైనయి," అన్నాడు ఆమెతో. "రేపు దవాఖానకు పోదాం. జర అన్నకు చాయ్ పెట్టు."

ఆమె చాయ్ పెట్టడానికి లేవలేదు. ఫొటో పట్టుకుని వెలుతురు కోసం వాకిట్లోకి నడిచింది.