బాబాయి కోసం కోషు, ఐసు సంచిలో సుంగై సిపుట్ దాకా

మా బాబాయి మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక కోల్డ్ స్టోర్‌లో పనిచేసేవాడు. జపాన్ నుంచి వచ్చే పెట్టెల మీద లేత గులాబీ రంగు ద్రాక్షగుత్తి బొమ్మ చూసి, ఒక్కసారైనా ఆ వైన్ తాగాలని ఇంటికొచ్చినప్పుడల్లా అనేవాడు. తాగకుండానే పోయాడు. మా ఇళ్లలో సంవత్సరీకానికి, పోయినవాళ్లు ఇష్టపడినదే పటం ముందు పెడతాం. మొన్న సుంగై సిపుట్ నుంచి పిన్ని ఫోన్ చేసి, "ఆ జపాను సారా తెస్తావేట్రా? ఆయన ఆశ తీరాల" అంది. కాదనడానికి నోరు రాలేదు.

ఆ వైన్ పేరు కోషు, ద్రాక్ష పేరూ అదే. నేనుండే కౌలాలంపూర్‌లో జపాన్ సరుకులమ్మే దుకాణంలో నూటయాభై రింగిట్లకు కాస్త తక్కువలో దొరికింది. చల్లగా తాగితేనే రుచి అని దుకాణం అమ్మాయి మరీమరీ చెప్పింది. అంతే, నాకు చాదస్తం పట్టుకుంది. ఐసు నింపిన సంచిలో సీసాను పడుకోబెట్టి పొద్దున్నే రైలెక్కాను. ఇపోకి రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు నలభై రింగిట్ల పైచిలుకు. దారిపొడవునా సంచి తడుముతూనే ఉంటే, పక్కసీటాయన విసుగొచ్చి వేరేచోట కూర్చున్నాడు.

ఇపో నుంచి సుంగై సిపుట్‌కి అద్దె కారులో ముప్పావుగంట. సంచిలోంచి నీళ్లు కారడం చూసి డ్రైవరు "చేపలా అన్నా?" అని తమిళంలో అడిగాడు. సంగతి చెప్పాను. "మా నాన్నకి మేం స్టౌట్ బీరు పెడతాం" అని తనే ఏసీ పెంచాడు.

ఇంట్లో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. సీసాను ఐసు గిన్నెలో పెట్టబోతుంటే పిన్ని నా చేయి పట్టుకుంది.

"ఐసెందుకురా?"

"చల్లగా ఉంటేనే రుచి పిన్నీ."

"బతుకంతా సలిగదిలోనే పని సేసినాడు. ఇంటికొస్తే మంచినీళ్లు కూడా ఏడిగా తాగేవోడు. ఇప్పుడు కూడా సలేనా? ఒగ్గేయ్ లా," అంది, ఇక్కడి మలయ్ మాటల చివర వచ్చే "లా" తగిలిస్తూ.

సీసాను తువ్వాలుతో తుడిచి కిటికీలో ఎండకు పెట్టింది. నేను ఐసు గిన్నెను పక్కకు జరిపాను.

తర్వాత గ్లాసులో పోసి దీపం పక్కన ఉంచింది. కర్పూరం ఆరాక తలో గుక్క తాగాం. నీళ్లలా పలచని రంగు, నిమ్మతొక్క వాసన, చిరుపులుపు. వెచ్చబడ్డా చేపల పులుసుతో బాగానే కుదిరింది. పిన్ని మాత్రం మొహం చిట్లించి, పటం వైపు తిరిగి, "దీనికేనా అంతలా కలవరించినావు?" అంది. అందరం నవ్వాం.

రైల్లో ఉన్నంతసేపూ నేను సీసా గురించే ఆలోచించాను. పిన్ని బాబాయి గురించి ఆలోచించింది. తిరుగు రైల్లో ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. మీరూ ఇలా వైన్ పట్టుకెళ్తుంటే ఐసు సంచి తప్పకుండా తీసుకెళ్లండి. ఇల్లు చేరాక మాత్రం సీసాను ఆ ఇంటావిడ చేతికిచ్చి, మీరు పక్కన కూర్చోండి.