మేకులు దిగ్గొట్టిన పిస్టల్ పెట్టె

రెండు వేల ఇరవై మూడు, మే నెల. నూజివీడులో కాయ జోరుగా దిగుతున్న రోజులు. నేను మామిడి పెట్టెలు కొట్టే వడ్రంగిని. ఇప్పుడంతా ప్లాస్టిక్ ట్రేలు, అట్టపెట్టెలు వచ్చేశాయి గానీ, దూరం వెళ్ళే రసాలకు చెక్కపెట్టే కావాలనే వ్యాపారులు ఇంకా కొందరున్నారు. వాళ్ళ పుణ్యాన నా సుత్తి తుప్పు పట్టలేదు. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు మా పెట్టె గురించి ఒక ముక్క. పలకల మధ్య వేలు దూరేంత సందు వదులుతాం, కాయకు గాలి ఆడాలి కాబట్టి. లోపల వరిగడ్డి. మూత మీద అడ్డంగా వేసే బద్దను క్లీట్ అంటారు. క్లీట్ వేసి మేకులు దిగ్గొడితే మా పని అయిపోయినట్టే. ఆ పెట్టెను తెరిచేది ఎక్కడో ఉత్తరాదిన మా మొహం ఎరగని మనిషి. ఒక్కసారి తెరుస్తాడు, కాయ తీసుకుంటాడు, పలకలు పొయ్యిలో పెట్టుకుంటాడు.

ఆ రోజు పొద్దున రంగారావు గారి కమీషన్ కొట్టులో విరిగిన పెట్టెలు బాగు చేస్తున్నాను. ఆయన కూతురు శ్రావణి ఒక నల్లటి ప్లాస్టిక్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. మూత ఒకవైపు, అడుగు ఒకవైపు.

"తాతగారూ, నాన్న దీని మీద ట్రేలు పడేశారు. బందులు విరిగిపోయాయి. మధ్యాహ్నం ఫ్లైట్. ఏదైనా చేయగలరా?"

"పడేశానా! ట్రేలు జారాయే తల్లీ," అన్నాడు రంగారావు గారు కాటా దగ్గర నుంచి. "కొట్లో కాయ పెట్టుకునే చోట తుపాకీ పెట్టింది ఎవరు?"

అవును, తుపాకీయే. ఆ అమ్మాయి పిస్టల్ షూటర్. లైసెన్సు తన పేరునే ఉంది. ఢిల్లీలో ఎంపిక పోటీ. అందులో నెగ్గితేనే జట్టులో చోటు. ఇన్నాళ్ళూ హైదరాబాదు పోటీలకు కారులో వెళ్ళేది. పిస్టల్‌తో విమానం ఎక్కడం అదే మొదలు.

నాకు ఆపుకోలేనంత కుతూహలం. దాన్ని విమానంలో ఎలా రానిస్తారని అడిగాను.

"చేతిలో పట్టుకుని ఎక్కనివ్వరు తాతగారూ. కింద సామానులో వేస్తారు. ఖాళీ చేసి, గట్టి పెట్టెలో పెట్టి, లాక్ చేయాలి. తూటాలు వేరే డబ్బాలో. ఎయిర్‌లైన్ వాళ్ళకు ముందే చెప్పాను."

"పెట్టె దొరక్కపోతే పిస్టల్ ఇక్కడే వదిలేసి పో. అక్కడ ఎవరిదైనా అడిగి కాల్చు," అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. పిస్టల్ బయటికి తీసి, లోపల ఏమీ లేదని ముందు తను చూసుకుని, నాకూ చూపించి, పిడి నా వైపు తిప్పింది. మంచి అక్రోటు చెక్క. తన అరచేతి గుంటలకు, వేళ్ళ సందులకు తగ్గట్టు చెక్కి ఉంది. నేను పట్టుకుంటే నా వేళ్ళు ఒక్కటీ కుదురుకోలేదు.

"మీ చిత్రిక ఇంకొకళ్ళకి ఇస్తారా?" అంది.

చెక్క నునుపు చేసే నా చిత్రిక ఎవరికీ ఇవ్వను. ఆ మాటతో పని మొదలుపెట్టాను.

సందుల్లేకుండా టేకు పలకలతో, మూతకు వెనక బందులు బిగించి పెట్టె చేశాను. పాత పెట్టెలోని స్పాంజి కోసి లోపల అమర్చాను. మూలల్లో ఖాళీ మిగిలితే చెయ్యి ఊరుకోక వరిగడ్డి కూరాను. శ్రావణి పిస్టల్ తన చేత్తోనే అందులో పడుకోబెట్టి, బట్టలు సర్దుకోవడానికి పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్ళింది.

"లాక్ అంది కదా, తాళం ఏదండీ?" అన్నాను.

"తాళానిదేముందండీ ఆచారిగారూ, రాయి పెట్టి కొడితే ఊడుతుంది. మీ మేకులు ఊడతాయా?" అన్నాడు రంగారావు గారు.

నా పనితనాన్ని మెచ్చుకుంటే నేను ఆగను. రెండు క్లీట్లు వేసి, చుట్టూ మేకులు దిగ్గొట్టి, పైన ఇనప పట్టీ కూడా లాగాను. శ్రావణి వచ్చి చూసి నోరు తెరిచింది.

"నాన్నా! తాళం వేయమంటే సమాధి కట్టారేంటి?"

"గట్టిగా ఉందా లేదా? పద పద, టైమైపోతోంది!"

దారిలో మేకు వదులైతే నేనుండాలని నన్నూ, నా పనిముట్ల పెట్టెనూ వ్యాన్ ఎక్కించారు. హనుమాన్ జంక్షన్ మీదుగా గన్నవరం వెళ్ళాం. దారంతా కాయ బళ్ళే. మేకు ఒక్కటీ కదల్లేదు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉంది.

ఎయిర్‌పోర్టులో శ్రావణి లోపలికి వెళ్ళింది. టికెట్ లేని మేమిద్దరం గేటు బయట నిలబడ్డాం. కాసేపటికి ఎయిర్‌లైన్ డ్యూటీ మేనేజరు, ఒకావిడ, గేటు దగ్గరికి వచ్చింది.

"ఆ పెట్టెకు మేకులు కొట్టిందెవరండీ?"

"నేనేనమ్మా."

"తుపాకీ ఖాళీగా ఉందని మేం కళ్ళారా చూడాలి. ఎలా చూడమంటారు?"

అంతవరకు ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. నా పెట్టె ఇక్కడ తెరవాలి, మళ్ళీ ఇక్కడే మూయాలి.

"ఇటు తెస్తే క్షణంలో పీకేస్తానమ్మా. వ్యాన్‌లో పట్టుకారు ఉంది."

పక్కనున్న సెక్యూరిటీ ఆయన అడ్డు తగిలాడు. "పార్కింగులో పిస్టల్ పెట్టె విప్పుతారా పెద్దాయనా? బాగుంటుంది! మీ పట్టుకారు లోపలికీ రాదు."

పెట్టె బయటికి రాదు, పనిముట్టు లోపలికి పోదు. అద్దం వెనక శ్రావణి మాటిమాటికీ గోడ గడియారం కేసి చూస్తోంది. చివరికి ఆవిడే పైవాళ్ళతో మాట్లాడి, నా ఆధార్ చూసి, పాసు రాయించి, సెక్యూరిటీ ఆయన్ని వెంట ఇచ్చి నన్ను లోపలి గదిలోకి పంపించింది. మెయింటెనెన్సు వాళ్ళు తమ స్క్రూడ్రైవరూ, కటింగ్ ప్లేయరూ ఇచ్చారు. నేను కొట్టిన మేకులు నేనే ఒక్కొక్కటీ పీకాను. అంత గట్టిగా ఎందుకు కొట్టావురా అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మూత లేచింది. సెక్యూరిటీ ఆయన తొంగి చూశాడు.

"గడ్డి ఏంటమ్మా? పిస్టల్ మాగేస్తున్నారా?"

అందరూ నవ్వారు. శ్రావణి నవ్వలేదు. పిస్టల్ తీసి, గొట్టం ఖాళీ గోడవైపు ఉంచి, మ్యాగజైన్ లేదని, లోపల తూటా లేదని చూపించింది. తూటాల డబ్బా విడిగా చూసుకున్నారు. లైసెన్సు చూసుకున్నారు. డిక్లరేషన్ మీద, అంటే ఇందులో ఆయుధం ఉందని ఒప్పుకునే కాగితం మీద, సంతకం పెట్టించుకున్నారు.

"ఇక మూసేయండి," అంది మేనేజరు.

నేను మేకులు ఏరుకోబోయాను.

"మళ్ళీ మేకులా? ఢిల్లీలో ఎవరైనా చూడాలంటే మీరు విమానం ఎక్కి వస్తారా? తాళం ఉండాలి. తాళం చెవి ఈ అమ్మాయి దగ్గర ఉండాలి."

తాళం వేయాలంటే గొళ్ళెం ఉండాలి. మూతనీ పెట్టెనీ కలిపి పట్టే ఇనప రేకు అది. చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. కౌంటరు మూసే వేళ దగ్గర పడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, వ్యాన్‌లో ఉన్న నా పనిముట్ల పెట్టె. దానికి ఇత్తడి గొళ్ళెం, తాళంకప్ప ఉన్నాయి. రంగారావు గారికి ఫోన్ చేశాను.

"నా పెట్టెకున్న గొళ్ళెం స్క్రూలతో సహా విప్పి, తాళం, చెవితో పాటు గేటు దగ్గర ఇవ్వండి."

"నాకు స్క్రూలు విప్పడం ఏం వచ్చండీ?"

"మీ చెయ్యి ఎటు తిరిగితే అది వదులవుతుందో అటు తిప్పండి. ముందు తిప్పండి!"

తిప్పాడు పాపం. గేటు దగ్గర ఇచ్చేటప్పుడు ఆయన బొటనవేలు నెత్తురోడుతోందట. ఆ రేకునూ తాళాన్నీ మిషన్‌లో పెట్టి చూసి నాకు అందించారు. బిగించాను. శ్రావణి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, లాగి చూసింది. పెట్టె వాళ్ళ చేతుల్లో లోపలికి వెళ్ళిపోయింది.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "మీ పనిముట్లకి తాళం ఎలా తాతగారూ?"

"ముందు నువ్వెళ్ళి కాల్చు."

కాల్చింది. జట్టులో చోటు దొరికింది, చిట్టచివరి చోటు. తిరిగొచ్చాక వాళ్ళ నాన్న ఖరీదైన కంపెనీ పెట్టె కొనిస్తానన్నా వద్దంది. నా టేకు పెట్టే ఇప్పటికీ తిప్పుతోంది. గడ్డి మాత్రం తీసేసింది.

నేను నేర్చుకున్నది ఒకటుంది. అంతవరకు మూయడంతో నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. పెట్టె గట్టిదనం మూతలో ఉందనుకున్నాను. ఆ రోజు తర్వాత ఎవరు పెట్టె చేయమని వచ్చినా కొలతల కంటే ముందు ఒక మాట అడుగుతున్నాను: దీన్ని ఎవరు తెరుస్తారు, ఎక్కడ తెరుస్తారు, మళ్ళీ మూస్తారా? కొందరు వింతగా చూస్తారు. చూడనీ.

గొళ్ళెం తిరిగి ఇవ్వడానికి శ్రావణి రెండుసార్లు వచ్చింది. నేను తీసుకోలేదు. నా పనిముట్ల పెట్టెకు ఇప్పుడు కొబ్బరి తాడు కడుతున్నాను. ఊళ్ళోవాళ్ళు, ఏంటి ఆచారీ, వడ్రంగివై ఉండి నీ పెట్టెకి గొళ్ళెం లేదా అని ఎగతాళి చేస్తారు. దీన్ని తెరిచేది నేనొక్కణ్ణే, తాడు చాలు అంటాను.