మైకక్క గాజు గది

బస్టాండులో అందరూ ఆమెను మైకక్క అనే పిలుస్తారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో ఏళ్ల తరబడి ఆ గాజు గదిలోంచి చెప్పింది ఆమే. పాడు కళ్లు! రెండూ మసకబారి, కంప్యూటర్ తెర మీది అక్షరాలు అలుక్కుపోయాయి. "ఇక ఇంటిపట్టున ఉండకూడదా అమ్మా?" అన్నాడు కంట్రోలర్. ఇంట్లో ఎవరున్నారని ఉండాలి? ఆమెకు మిగిలిందల్లా ఆ సీటే.

కాళ్లావేళ్లా పడితే ఒక్క పూట చూద్దామన్నాడు. వేరే ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే ఆమె తమ్ముడొచ్చి, ఆఫీసు లినక్స్ కంప్యూటర్లో తెర మీది రాతను చదివి వినిపించే గొంతు ఎక్కించాడు. అది ఉచితంగా దొరికింది, బాగానే ఉంది. వైర్‌లెస్ హెడ్‌సెట్‌ను జత చేసేసరికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. కలిసినట్టే కలిసి మళ్లీ అలిగేది.

"అది నీ చెవిలో చెప్తుంది, నువ్వు మైకులో చెప్పు. అంతే అక్కా."

"ఇంకెవరికీ వినపడదు కదరా?"

"నీకు తప్ప పురుగుక్కూడా వినపడదు."

పొద్దున్నే పని మొదలైంది. చెవిలో ఆ చప్పిడి గొంతు, మైకులో ఆమె గొంతు. ఒక్క బస్సూ తప్పు పోలేదు. వెనక నిలబడ్డ కంట్రోలర్ "భేష్" అన్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది ఆమెకు. ఆ సంబరంలో హెడ్‌సెట్ తీయకుండానే మంచినీళ్లకని వరండా చివరికి వెళ్లింది.

అంత దూరం పోతే హెడ్‌సెట్‌కు కనెక్షన్ తెగిపోతుందని తమ్ముడు చెప్పలేదు. ప్రకటనకు ముందు గంట మోగించడానికి కంప్యూటర్‌కూ లౌడ్‌స్పీకర్లకూ ఒక వైరుందన్న సంగతి మహానుభావుడికి గుర్తే లేదు. చెవిలో చెప్పాల్సింది కాస్తా ఆ వైరెంట పోయి బస్టాండంతా మోగింది.

అయ్యో, పరువు పోయింది! గోడ తడుముకుంటూ పరుగెత్తింది. జనం నవ్వుతారనుకుంది, ఏ బస్సో తెలియక గోల చేస్తారనుకుంది. ఏమీ లేదు. తలెత్తి చూసినవాడు లేడు. ఎవరి సంచులు వాళ్లు తీసుకుని ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. మైకు దగ్గర మనిషి లేకున్నా పని జరిగిపోతుందని ఆ కాసేపట్లోనే కంట్రోలర్‌కు బోధపడింది.

"ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు తమ్ముడితో. తర్వాత ఆమెకేసి తిరిగి, మెత్తగా, "హెడ్‌సెట్ తీసేయండమ్మా," అన్నాడు.

తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె హెడ్‌సెట్ తీసి వాడి చేతిలో పెట్టింది.

ఇంటికెళ్లడానికి బయటి బెంచీ మీద కూర్చుంది. బస్సుల బోర్డులు కనపడవు. ఎవర్నయినా అడగడానికి మనసొప్పలేదు. కాసేపటికి గంట మోగి, ఆ గొంతే ఆమె బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెప్పింది. లేచి వెళ్లి ఎక్కింది.