ఐస్ లేని ఐస్ హాకీ

మొన్న హైదరాబాదులో ఒక మాల్లో పిల్లలు మంచు మీద హాకీ ఆడుతుంటే నిలబడి చూశాను. చిన్నప్పుడు బైలడిల్లా ఇనుపగనుల కొండ కింద మా కాలనీ క్లబ్బుకు సెక్రటరీగా ఉన్న గని ఆఫీసరు గుర్తొచ్చాడు. సిమెంటు గచ్చు మీద చక్రాల బూట్లతో మాచేత ఆడించి, దానికి ‘జూనియర్ ఐస్ హాకీ లీగ్’ అని బ్యానరు కట్టించిన ఘనుడాయన. గనుల ఎర్రదుమ్ములో పడుతూ లేస్తూ సీజనంతా ఆడాం.

ఫైనల్లో అవతలి జట్టు కెప్టెన్, అంటే సెక్రటరీ కొడుకు, జారి పడ్డాడు. ఆ సందులో మా సుశీల గోల్ కొట్టింది. వెంటనే సెక్రటరీ విజిల్ ఊదాడు.

“గోల్ క్యాన్సిల్. ఐస్ హాకీలో ప్లేయర్ పడితే ఆట ఆగినట్టే. రూల్ హై, బేటా.”

“మరి మొన్న నేను పడితే ఆపలేదేంది అంకుల్?” అంది సుశీల.

“అది వేరే.”

కప్పు కొడుకు చేతిలోనే పెట్టాడు. సుశీల కర్ర అక్కడే విసిరేసి ఇంటికి పోయింది. నేను మాత్రం ఆ ‘వేరే’ అన్నది మంచుదేశాల్లోని ఏదో గొప్ప రూలనుకుని నాన్ననడిగాను. గనిలో డంపరు నడిపే నాన్న నా మొహంలోకి చూడకుండా, “ఆఫీసర్ సార్ చెప్పారుగా, తల్లీ” అన్నాడు.

రూలూ లేదు, పాడూ లేదు. కొడుకు ఒక్కసారి ఓడిపోతే చూడలేని ఆ పిరికివాడు ఎదురొస్తే, మా కాలనీ అంతా లేచి నిలబడేది.